మొదటి రేకు నా టిఫిను

మొన్న రావులపాలెంలో ఆత్రేయపురం మీదుగా రాజమండ్రి వెళ్లే బస్సెక్కాను. పక్క సీట్లో యాభై ఏళ్లావిడ. కిటికీ గాలి మొహానికి కొడుతున్నా చెమటలు కారిపోతున్నాయి. నేనసలే ఊరుకోను కదా, "ఏంటండీ, ఒంట్లో బాలేదా?" అనేశాను.

"నెలసరి ఆగిపోయే వయసమ్మా. ఉన్నట్టుండి ఒళ్లంతా ఆవిరెత్తుద్ది," అన్నారావిడ.

పాతికేళ్లుగా పూతరేకులు తీస్తున్నారట. ఈ మధ్య పొయ్యి మీద బోర్లించిన కుండ ముందు, పిండిలో ముంచిన గుడ్డ పట్టుకుని కూర్చుంటే చేతులు వణికి, రేకులన్నీ చిరిగిపోయేవట. పని నేర్చుకునే పిల్లల ముందు సిగ్గేసి రెండు నెలలు మానేశారట. ఆవేళే మళ్లీ వెళ్తున్నారట.

"మళ్లీ చిరిగితేనో?" నోరు జారాను.

ఆవిడ నవ్వి, నా క్యారేజీ గిన్నె అడిగి ఒళ్లో బోర్లించుకున్నారు. చెమటకి తడిసిన రుమాలు రెండు చేతులా పట్టుకుని, రేకు తీసినట్టే గిన్నె మీద పరిచి లాగారు. రుమాలు ముడతపడింది. విదిలించి, మళ్లీ పరిచి లాగారు.

"మొదటిది చిరుగుద్దని పిల్లలకి ముందే చెప్పేస్తానమ్మా. అది నా టిఫిను. రెండోది చూడండే అంటాను."

ఎంత ధైర్యమండీ! ఆత్రేయపురంలో దిగిపోయారు. పేరైనా అడగలేదు నేను.

మా అమ్మదీ ఆ వయసే. రోజూ నడిపే స్కూటీ అంటేనే ఈ మధ్య భయమేస్తోందంటే, బద్ధకమని వెక్కిరించేదాన్ని. ఆ సాయంత్రం తాళం అమ్మ చేతిలో పెట్టి, "మొదట్లో కాస్త ఊగుతుందిలే, పద," అని వెనకెక్కి కూర్చున్నాను.