పాఠం చెప్పడం మానేసిన మేడమ్

ఆమె యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ చెప్పడం మొదలుపెట్టి పందొమ్మిదేళ్లయింది. విద్యార్థులు చాటుగా ఆమెను టేపురికార్డరు అనేవాళ్లు. గంట కొట్టగానే మొదలయ్యేది, మళ్లీ గంట కొట్టగానే ఆగేది. మధ్యలో ఒక్క అక్షరం తప్పు దొర్లేది కాదు. ఆ పేరు ఆమె చెవిన కూడా పడింది. అది పొగడ్తేననుకుంది. ఏటా క్లాసులో సగం మంది తప్పేవాళ్లు. చదవకపోతే మనమేం చేస్తామని స్టాఫ్ రూంలో అందరూ అనేవాళ్లు, ఆమె కూడా అనేది.

ఆ ఏడు ఆమె చెల్లెలు ఆమె క్లాసులోనే చేరింది. చెల్లెలు ఆస్పత్రిలో నర్సు. ముప్పై ఆరేళ్ల వయసులో డిగ్రీ చదువుకుంటోంది. ఒక్కరోజు మానకుండా, ఒక్క వాక్యం వదలకుండా రాసుకుంది. మొదటి పరీక్షలో వందకు పద్దెనిమిది వచ్చాయి.

"చదవలేదా?" అని అక్క నిలదీసింది.

"మొత్తం కంఠతా వచ్చు, అడుగు. నువ్వు బోర్డు మీద చేస్తుంటే అంతా అర్థమైనట్టే ఉంటుందక్కా. ఇంటికొచ్చి కాగితం ముందేసుకుంటే ఎక్కడ మొదలెట్టాలో తెలీదు. మా వార్డులో కొత్తవాళ్లకి సూది వెయ్యడం ఉపన్యాసం చెప్పి నేర్పం. పక్కన నిలబడి చేయిస్తాం."

అక్కకు ఒళ్లు మండింది. రెండు రోజులు చెల్లెలితో మాట్లాడలేదు. మూడో రోజు నోట్సు లేకుండా క్లాసుకు వెళ్లింది.

అందరినీ వరుస విడిచి వరుసలో కూర్చోమంది. బోర్డు మీద ఒక లెక్క రాసి, "ముందు మీరు చెయ్యండి. పక్కవాళ్లతో మాట్లాడుకోండి. తప్పొచ్చినా సరే" అంది. ఖాళీ వరుసల్లో నడుస్తూ ఒక్కొక్కరి కాగితంలోకి తొంగి చూసింది. సగటు కట్టడం అందరికీ వచ్చు. ఆ సగటు ఏం చెప్తోందని అడిగితే మాత్రం బిక్కమొహాలు వేశారు. పందొమ్మిదేళ్లూ బోర్డువైపు తిరిగి ఉండటంతో ఆ మొహాలు ఆమె కంట పడలేదు. ఆ రోజు నుంచి చివరి ఐదు నిమిషాల్లో, అర్థం కానిది చీటీ మీద రాయించుకునేది. మర్నాడు అక్కడి నుంచే మొదలుపెట్టేది.

మూడు వారాలకు విద్యార్థులే డిపార్ట్‌మెంట్ హెడ్ దగ్గరకు వెళ్లారు. మేడమ్ పాఠం చెప్పడం మానేసి, పనంతా తమ చేతే చేయిస్తోందని ఫిర్యాదు.

హెడ్ ఆమెను పిలిపించాడు. "పక్క గదిలో రెండో సెక్షన్‌కి సిలబస్ అయిపోవచ్చింది. మీకు సగం కూడా కాలేదు. రేపట్నుంచి మామూలుగా చెప్తానని రాసివ్వండి మేడమ్."

"రాయను సార్. ఇన్నాళ్లూ సిలబస్ పూర్తి చేసింది నేను, వాళ్లు కాదు."

"మీ చెల్లెలు తప్పిందనే కదా ఇదంతా?"

"అవును. మిగతావాళ్లు కూడా ఎవరో ఒకరి చెల్లెళ్లూ తమ్ముళ్లేనని ఇన్నాళ్లూ తట్టలేదు. అందుకు సిగ్గేస్తోంది. అయినా రాసివ్వను."

"ఫలితాలు దెబ్బతింటే పూచీ మీదే."

"సగం మంది తప్పుతున్నప్పుడు పూచీ ఎవరిదని ఎవరూ అడగలేదు. ఈసారి నన్ను అడగండి."

అక్కడి నుంచి నేరుగా క్లాసుకు వెళ్లింది. "మీ ఫిర్యాదు నిజమే. మీకు కష్టంగా ఉందనీ తెలుసు. కానీ మార్చను" అని చెప్పి, బోర్డు మీద కొత్త లెక్క రాసింది.

ఏడాది చివరి పరీక్ష పేపర్లు వేరే ఊళ్లో దిద్దారు. ఎనభై నలుగురిలో పందొమ్మిది మందే తప్పారు. చెల్లెలు యాభై ఒకటితో గట్టెక్కింది. పేపరు సులువుగా వచ్చిందన్నాడు హెడ్. అదే పేపరు రాసిన పక్క గదిలో అంతేమందికి నలభై ఒక్క మంది తప్పారు. ఆమె రెండు జాబితాలూ మీటింగులో అందరి ముందూ పక్కపక్కనే పరిచింది.

హెడ్ మొహం ముడుచుకున్నాడు. "అంత నమ్మకముంటే వచ్చే ఏడు తప్పినవాళ్లను మీరే చూసుకోండి."

"ఇవ్వండి. పక్క గదివాళ్లను కూడా ఇవ్వండి."

జాబితాలో అరవై మంది ఉన్నారు. మరుసటి ఏడు మొదటి రోజు ముప్పై ముగ్గురే వచ్చారు. మిగతా ఇరవై ఏడు మందికీ ఆ మధ్యాహ్నం స్టాఫ్ రూంలో కూర్చుని, అందరూ వింటుండగా, ఆమే ఫోన్లు చేసింది.