పొడిగా ఉన్న సగం

తడి గుడ్డ చెక్క నేల మీద జారేటప్పుడు కీచుమని ఒక చప్పుడు వస్తుంది. ఈ ఉదయం ఆ చప్పుడూ, దాని వెనకే ఫినాయిల్ వాసనా మా కాలేజీ ఇండోర్ కోర్టు తలుపు దగ్గర నన్ను నిలబెట్టేశాయి. లోపల ఒక నేపాలీ అమ్మాయి, నిన్నటి మ్యాచ్ అయిన కోర్టును తుడుస్తోంది. నా చేతిలో ల్యాప్‌టాప్, అందులో సగం రాసిన నివేదిక. అమ్మాయిల బాస్కెట్‌బాల్ లీగు సగానికి వచ్చిందంటే, మా గ్రూపులోని ఎనిమిది కాలేజీల్లో ఎవరెక్కడ ఉన్నారో, చివరికి ఎవరెక్కడ తేలతారో అంచనా కట్టి రాయడం ఈ క్రీడా విభాగంలో నా పని. ఈసారి పట్టికలో మా జట్టే మొదట ఉంది. నాలుగు ఆడి నాలుగూ గెలిచాం. సంతోషించాల్సిన మాటే. కానీ మేము మొదట ఉన్నప్పుడల్లా నాకు రమణయ్య బాబాయ్ గుర్తొస్తారు, మనసు కలుక్కుమంటుంది.

ఆయనది రాయచోటి దగ్గర ఒక పల్లె. కువైట్ వచ్చిన కొత్తలో వఫ్రా అనే ఎడారి ప్రాంతంలో గొర్రెలు కాశారు. తర్వాత ఒక క్లీనింగ్ కంపెనీలో చేరితే వాళ్లు మా కాలేజీకి పంపారు. నేను ఇక్కడే పుట్టి పెరిగిన విజయవాడ వాళ్లమ్మాయిని. నాన్న ఆయిల్ కంపెనీలో ఇంజనీరు, ఇల్లు ఫహాహీల్లో. ఇదే కాలేజీలో చదివేటప్పుడు, రెండో ఏడాదిలో మోకాలు దెబ్బతిని నా ఆట ఆగిపోతే, కోచ్ జాలిపడి నన్ను స్కోరు రాసే బల్ల దగ్గర కూర్చోబెట్టింది. టైమ్ అవుట్ పిలవగానే వెడల్పాటి తుడుపుకర్రతో కోర్టులోకి పరుగెత్తి, అంతే వేగంగా తిరిగొచ్చి నా పక్కన స్టూలు మీద కూర్చునే మనిషిని చాలా రోజులు నేను సరిగా చూడనేలేదు. ఒకరోజు అమ్మతో ఫోన్లో మాట్లాడి పెట్టేశాక పక్కనుంచి తెలుగు వినిపించింది.

"ఏ ఊరు పాపా మీది?"

"విజయవాడండీ."

"అట్లనా. నాది రాయచోటి. పేరు రమణయ్య. ఈడ పనోళ్లనందర్నీ రఫీక్ అనే పిలుస్తారు. నువ్వన్నా పేరు పెట్టి పిలువు."

నాన్న వయసు మనిషిని పేరు పెట్టి ఎలా పిలుస్తాను? బాబాయ్ అన్నాను. ఆయనకు అది ఇంకా నచ్చింది.

మూడో ఏడాది మా జట్టు ఇప్పటిలాగే నాలుగుకు నాలుగు గెలిచి సెలవులకు ముందు మొదటి స్థానంలో నిలిచింది. గ్రూపులో మొదటి రెండు జట్లు మస్కట్ వెళ్లి గల్ఫ్ దేశాల కాలేజీలతో ఆడతాయి. మా కెప్టెన్ నూర్ ఆ ప్రయాణం కోసం మూడేళ్లుగా కలలు కంటోంది. అది ఆమెకు చివరి ఏడాది కూడా. కాలేజీ పత్రికకు సగం సీజన్ అంచనా రాయమని కోచ్ నాకు అప్పగించింది. ఆడలేని నాకు ఆ జట్టులో మిగిలిన చోటు అదొక్కటే కాబట్టి, పట్టిక ముందేసుకుని 'ఎదురులేని జట్టు' అని మొదలుపెట్టి తెగ రాసేశాను. నాలుగో మ్యాచ్ అయిపోయిన మధ్యాహ్నం, కోర్టు ఖాళీ అయ్యాక, దాన్ని బాబాయ్‌కి తెలుగులో చెప్పి వినిపించాను. ఆయన అంతా విని తుడుపుకర్ర పక్కన పెట్టారు.

"ఇట్ల రా పాపా. నేనింకా తుడవలే. హాఫ్ టైమ్ అయినాక మనోళ్లు ఎదుటోళ్లకు అడ్డం నిలబడి కాపు కాసింది ఈ గంప కింద. వంగి చూడు, చేత్తో తాకు."

తాకాను. నేల పొడిగా ఉంది. తర్వాత నన్ను అవతలి బుట్ట కిందికి నడిపించారు. అక్కడ చెమట చుక్కలు, బూట్ల మరకలు.

"బంతి ఏసే కాడ చెమట కారుస్తాండారు. కాపు కాసే కాడ ఎవరూ కష్టపడ్డంలే. నాలుగు ఆటల్నుంచీ ఆ పక్క తుడిచిన గుడ్డ పిండిందే ల్యా. ఎదుటోళ్లు బలం లేనోళ్లు గాబట్టి నడిచిపోయింది. ఇంగ రాబోయే మూడు జట్లు యావో చూసినావా?"

నా పట్టికలోకి నేనే తొంగిచూశాను. మేము ఓడించిన నాలుగు జట్లూ అడుగున ఉన్నవే. మిగిలిన మూడూ మా వెనకే రెండు, మూడు, నాలుగు స్థానాల్లో ఉన్నాయి. రోజూ కళ్ల ముందున్న అంకెల్లో ఇది నాకు కనపడలేదు, నేల తుడిచే ఆయనకు కనపడింది. "ఎలా తెలిసింది బాబాయ్?" అని అడిగితే, వఫ్రాలో మంద ఎటు తిరిగిందో ఇసకలో అడుగులు చూసి వెతుక్కునేవాణ్ణి, కింద చూడటం అప్పుడు అలవాటైంది అన్నారు. "రాయి పాపా. కోచ్ మిస్ చదువుతాది. రెండు వారాలు సెలవుండాది గదా, కాపు కాసేది నేర్పిస్తాది."

రాశాను. 'పట్టికలో మొదటి స్థానం. అసలు బలంలో మూడోదో నాలుగోదో. సెలవుల్లో రక్షణ మీద పని చేయాలి' అని. రాసి, పంపే ముందు తీసేశాను. కోచ్ ముఖం చిన్నబుచ్చుకుంటుందని ఒక భయం. దాని కింద ఇంకొకటి ఉంది, అది చెప్పుకోవడానికి నాకు ఇప్పటికీ సిగ్గే. ఎవరు చెప్పారని అడిగితే కోర్టు తుడిచే ఆయన చెప్పారని నా నోటితో అనాల్సి వస్తుంది. మర్నాడు ఆయన నా కోసం తలుపు దగ్గరే కాచుకుని ఉన్నారు.

"రాసినావా పాపా?"

"రాశాను బాబాయ్."

ఆయనకు ఇంగ్లీషు చదవడం రాదు. నమ్మారు. ముఖం వెలిగిపోయింది. అప్పటికే శుభ్రంగా ఉన్న నా బల్లను మళ్లీ ఒకసారి తుడిచారు.

సెలవులు రెండు వారాలూ కోచ్ అందరి చేత బుట్టలోకి బంతులు వేయించింది. బాబాయ్ గోడ పక్కన నిలబడి చూసి, "మిస్ కాపు నేర్పిస్తాండ్లేదే" అని నావైపు తిరిగేవారు. నేను ఫోన్ చూసుకునేదాన్ని. తర్వాతి మూడు మ్యాచ్‌లూ ఓడిపోయాం. గ్రూపులో నాలుగో స్థానంలో తేలాం. చివరి మ్యాచ్ అయ్యాక నూర్ తువ్వాలు ముఖం మీద కప్పుకుని బుట్ట కిందే కూర్చుండిపోయింది. అది చూడలేక కాబోలు, ఎప్పుడూ కోచ్‌తో మాట్లాడని బాబాయ్ తనకొచ్చిన అరబ్బీలో, చేతులు కట్టుకుని అడిగేశారు. పాప పేపర్లో రాసింది కదా మిస్, మీరు చూడలేదా అని.

"ఏం రాసింది?" అని కోచ్ నావైపు చూసింది. నేను తల దించుకున్నాను. బాబాయ్ కూడా చూశారు. సంగతి అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది ఆయనకు.

"సారీ, మిస్. నా తప్పే. పాపకు చెప్పాలనుకొని మరిచిపోయినా" అన్నారు అదే అరబ్బీలో.

కోచ్ అప్పటికే చిరాకుగా ఉంది. "నేల సంగతి నువ్వు చూసుకో. ఆట సంగతి నేను చూసుకుంటాను" అంది. ఆయన "హాజిర్, మిస్" అని, సరేనన్నట్టు తలూపి తుడుపుకర్ర అందుకున్నారు. నాకు పడాల్సిన మాట అది. నేను నిలబడి విన్నాను.

అందరూ వెళ్లాక ఆయన దగ్గరికి పోయి ఏడ్చేశాను. "బాబాయ్, నేను రాయలేదు. రాసి తీసేశాను."

"తెల్సులే."

"మరి మీరెందుకు మాట పడ్డారు?"

"నాకేముంది పాపా, రేప్పొద్దన గూడా ఇదే నేల. నువ్వు ఇంగా రాసేదానివి. నీ మాట మీద నమ్మకం పోతే ఎట్ల? ఈసారికి ఖలాస్. వచ్చేసారి రాయి."

మర్నాడు నేనే వెళ్లి కోచ్‌కీ నూర్‌కీ ఉన్నదంతా చెప్పాను. కోచ్ ఆ మధ్యాహ్నమే వెళ్లి బాబాయ్‌కి క్షమాపణ చెప్పింది. తర్వాతి ఏడాది నుంచి హాఫ్ టైమ్‌లో ఆయన్ను పిలిచి, "రమణయ్యా, నేల ఎలా ఉంది?" అని అడిగేది. నూర్ మాత్రం వారం రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడిన రోజున, "ఆ రెండు వారాలు నాకు కావాల్సినవి" అంది, అంతే. తిట్టినా బాగుండేది.

బాబాయ్ ఇక్కడ ఉండేందుకిచ్చే ఇఖామా ముగించుకుని ఊరికి వెళ్లిపోయి నాలుగేళ్లయింది. టమోటా తోట చూసుకుంటున్నారు. ఏటా లీగు సగానికి వచ్చే రోజుల్లో మాత్రం మరవకుండా ఒక వాయిస్ మెసేజ్ పంపుతారు. ఈ ఏడాదిది నిన్ననే వచ్చింది, నేనింకా జవాబివ్వలేదు. మా డైరెక్టర్ మెసేజ్ కూడా వచ్చి ఉంది, మొదటి స్థానం గురించి కాస్త ఘనంగా రాయమని.

ఆ నేపాలీ అమ్మాయిని అడిగాను, నిన్న మ్యాచ్ అప్పుడు ఏ వైపు తడి ఎక్కువుందని. ఆమె వింతగా చూసి, నిన్న ఆఖర్న మావాళ్లు కాపు కాసిన బుట్ట వైపు వేలు చూపించింది. "అటు అసలు తడే లేదు దీదీ" అంది హిందీలో. పేరడిగాను. మాయ అంది. అక్కడే మెట్ల మీద కూర్చుని నివేదిక పూర్తి చేశాను. 'పట్టికలో మొదటి స్థానం. నా అంచనాలో మూడోది. కోర్టు తుడిచే మాయను అడిగి ఈ మాట రాస్తున్నాను.' డైరెక్టర్‌కి పంపేశాను. అప్పుడు ఫోన్ తీసి బాబాయ్ మెసేజ్ మళ్లీ విన్నాను. రెండే మాటలు, వెనకాల ఎక్కడో మోటారు చప్పుడు.

"రాసినావా పాపా?"

"రాశాను బాబాయ్."