కుట్లు విప్పనన్న అమల

అమల అంటే నాకు పడదు, ముందే చెప్పేస్తున్నాను. చైతన్యపురిలో మా సందు మొదట్లో జాకెట్లు కుడుతుంది. చెప్పిన రోజుకు ఇవ్వదు, అడిగితే మీద పడి కరుస్తుంది. కుట్టు బాగుంటుంది కాబట్టి చచ్చినట్టు ఆమె దగ్గరికే వెళ్తాం.

మా అపార్ట్‌మెంటు సూర్యప్రభ గారు అంతకు తక్కువేం కాదు. ఏలూరు నుంచి వచ్చి ఇరవయ్యేళ్లయినా టైలరును ఒంటి మీద టేపు పెట్టనివ్వరు. పాత జాకెట్టు ఒకటి ఆదిగా పడేసి, దీని ప్రకారం కుట్టు అంటారు. మేమందరం చేసేదీ అదే.

జూన్‌లో ఆవిడ కొత్త జాకెట్టు పట్టుకుని ఊగిపోతూ వచ్చారు. నేనక్కడే ఉన్నాను.

"ఎడమ పక్క పట్టేస్తోంది. చెయ్యెత్తితే చంకలో బిగుసుకుంటోంది. కళ్లెక్కడ పెట్టుకుని కుట్టావు?"

అమల ఆది జాకెట్టు తీసి కొత్తదాని మీద పరిచింది. నూలుపోగంత తేడా లేదు.

"ఈ పాతది ఇప్పుడు తొడుక్కుంటే ఎట్లుంటది ఆంటీ?"

"అదీ బిగుతే. ఉతికితే కుంచించుకుపోయింది."

"ఒక్క ఎడమ పక్కనే కుంచించుకపోతదా?"

"నీతో వాదనేంటి? కుట్లు విప్పి వదులు చెయ్యి."

"విప్ప. నా కుట్టు మంచిగనే ఉంది, మీ ఒంట్లనే ఏదో మారింది. దవాఖానకు పోయి మామోగ్రామ్ తీపిచ్చుకోండి."

సూర్యప్రభ గారి మొహం జేవురించింది. "నొప్పా పాడా? నా ఒంటి సంగతి చెప్పడానికి నువ్వెవరివే?"

"మా అమ్మకు గూడ నొప్పి లేకుండె!" అమల గొంతు సందంతా వినబడింది. "పోచంపల్లిల ఉన్నప్పుడు ఏడాదిల మూడుసార్లు ఆమె జాకెట్ ఎడమ పక్క వదులు చేసిన, గీ చేతులతోటే. నా బిడ్డకు పనొచ్చిందని మా అమ్మ కొమురమ్మ వాడంత చెప్పుకున్నది. నాలుగోసారి విప్పుదామంటే లోపల గుడ్డ మిగల్లే. అప్పుడు తీస్కపోయినం దవాఖానకు. ఇంత లేటేందని డాక్టర్ తిట్టిండు. మూడు నెలలకు పోయింది."

సూర్యప్రభ గారు జాకెట్టు లాక్కుని వెళ్లిపోయారు. సాయంత్రానికల్లా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టారు: ఆ టైలర్ ఆడవాళ్లకు లేని రోగాలు అంటగడుతోంది, ఎవరూ వెళ్లకండి. దానికి బొటనవేలు గుర్తు పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

సగం మంది రావడం మానేశారు. అమల తగ్గిందా? ఇంకా మొండికేసింది. ఆది జాకెట్లు తీసుకోనని, మనిషి వచ్చి కొలతలు ఇవ్వాల్సిందేనని గోడకు కాగితం అంటించింది. వచ్చినవాళ్లను కొలుస్తూనే, నలభై దాటినయా, పరీక్ష చేయించుకున్నరా అని పోలీసులా అడిగేది. నన్నూ అడిగింది. తిట్టుకుంటూనే వెళ్లి చేయించుకున్నాను.

సూర్యప్రభ గారి జాకెట్టును దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంకో టైలరు మారుమాట లేకుండా వదులు చేశాడట. రెండు నెలలకు మళ్లీ పట్టేసింది. అప్పుడు భయపడి ఆసుపత్రికి వెళ్లారు. రొమ్ములో క్యాన్సర్ గడ్డ ఉంది, ఇంకా వేరే చోటికి పాకలేదన్నారు. ఆపరేషన్ చేశారు, కీమో ఇచ్చారు.

సంక్రాంతి దాటాక, తలకు స్కార్ఫు కట్టుకుని ఆవిడ అమల గుమ్మంలో నిలబడ్డారు. నేను నా జాకెట్టు కోసం కూర్చుని ఉన్నాను.

"నీ నోరు మంచిది కాదు," అన్నారు.

"ఎరుకే," అంది అమల, తల ఎత్తకుండా.

"జాకెట్టు కుట్టాలి. పాతవేవీ పనికిరావు."

సూర్యప్రభ గారు కొంగు తీసి నా చేతికిచ్చి, రెండు చేతులూ మెల్లగా పైకెత్తారు. ఎడమ చెయ్యి సగం దాకే లేచింది. అమల మెడలోని టేపు తీసింది గానీ, కొలవలేక గోడకు తిరిగి వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఏడుపు తర్వాత," అన్నారు సూర్యప్రభ గారు. "చెయ్యి నొప్పెడుతోంది. ముందు కొలతలు తీసుకో."