వైకుంఠం సేటు కారు ఏనాడూ ఆగలేదు

లాల్‌దర్వాజాలో వైకుంఠం సేటు మాటంటే మాటే. గుడి సందు మొదట్లో బెల్లం, చింతపండు టోకున అమ్మే దుకాణం ఆయనది, ఇల్లు దాని పైనే. చింతపండులో గింజ ఉంటే ఉందని చెప్పి మరీ అమ్మేవాడు. అబద్ధమాడిన నోటికి అన్నం సహించదని తండ్రి చెప్పిపోయాడట. ఆ ఒక్క మాట పట్టుకుని తలనెరిసేదాకా వ్యాపారం చేశాడు. మంచివాడే. కాకపోతే తన మంచితనం సంగతి తనకు కాస్త ఎక్కువ తెలిసిన మనిషి.

ఆ దుకాణంలో ఒక కట్టడి ఉండేది. పొద్దున బోణీ కాకముందు ఎవరి నోటా 'లేదు', 'కాదు', 'చెడిపోయింది' అన్న మాట రాకూడదు. బెల్లం అయిపోతే 'నిండుకుంది' అనాలి, దీపం ఆరిపోతే 'కొండెక్కింది' అనాలి. రోగం మాట, దవాఖాన మాట, చావు మాట ఏదైనా సరే, బోణీ అయ్యాకే. ఈ పట్టింపు బజారంతా ఉన్నదే, కొత్తేం కాదు. కానీ వైకుంఠం ఆ పట్టింపునే ప్రాణంగా పట్టుకున్నాడు. కొత్తగా చేరిన హమాలీ ఒకడు పొద్దున్నే "బస్తా చినిగింది సేటు" అన్నందుకు వాణ్ని నల్లా దగ్గరకు పంపి నోరు పుక్కిలించి రమ్మన్నాడు. వాడు పుక్కిలించి వచ్చాడు. బస్తాలోంచి బెల్లం కారుతూనే ఉంది.

ఇక కారు సంగతి. చిన్న కారు, పాత కారు. వైకుంఠం కొనే నాటికే అది అమరనాథ్ అనే వకీలు దగ్గర కొన్నేళ్లు తిరిగింది. తాళం చేతిలో పెడుతూ ఆ వకీలు విడిచిన నిట్టూర్పు విని ఇంకొకరైతే వెనక్కి తగ్గేవారు.

"సేటు, ఇది జర మొండిది. కోర్టుకు పోవాలె అన్నరోజు కదలది. ఐతారం నాడు మాత్రం ఉరుకుతది" అన్నాడు వకీలు.

వైకుంఠం నవ్వాడు. "మా బాపు బగ్గీకి కట్టిన గుర్రం గూడ మొండిదే వకీల్ సాబ్. కట్టేటోని చేతుల ఉంటది."

ఆ ఇంట్లో బగ్గీ రోజుల మర్యాద ఒకటి మిగిలి ఉంది. యజమాని బయటికొచ్చి గుర్రం కోసం ఎదురు చూడడం అప్రతిష్ఠ. గుర్రాన్ని కట్టి, బండి గుమ్మంలో నిలిపి, అప్పుడు లోపలికి కబురు పంపాలి. బగ్గీ పోయి కారు వచ్చినా మర్యాద మారలేదు. బోణీ కాగానే సేటు కారెక్కి బేగంబజారు పోతాడు. ఆయన మెట్లు దిగే సరికి ఇంజను నడుస్తూ ఉండాలి. దిగి వెళ్లాక దాన్ని ఆపే పని కూడా ఆయనది కాదు. ఆగిన కారు తాళం ఎప్పుడూ పెద్ద హమాలీ అంజన్న మొలతాడుకే ఉండేది. గౌలిపుర మనిషి, కండలు తిరిగినవాడు, మాట తక్కువ. సేటు కారు తోలుతుంటే అంజన్న వెనక సీట్లో సంచులు పట్టుకుని కూర్చునేవాడు. సేటు ఎక్కడ దిగి ఎంతసేపటికి తిరిగొచ్చినా కారు గురుగురుమంటూ తయారుగా ఉండేది.

అలా పన్నెండేళ్లు. వైకుంఠం ఆ కారును పొగడని రోజు లేదు. తోటి వ్యాపారులు తమ కొత్త కార్లు నడిరోడ్డు మీద ఆగిపోయాయని మొత్తుకుంటే ఈయన మీసం దువ్వేవాడు. "నాది ఒక్కనాడన్న ఆగలే. కారుకు గాదు, ఇంటికి ఉంటది గుణం" అనేవాడు. వినీ వినీ జనానికి విసుగొచ్చింది గానీ, కళ్లముందు నడుస్తున్నదాన్ని ఎవరు కాదంటారు?

చివరికి సేటు కంటికి పొర వచ్చింది. తోలొద్దని డాక్టరు ఖరాఖండిగా చెప్పాడు. కారు అమ్ముతాడని తెలిసి కిషన్‌బాగ్ నుంచి సీమోను వచ్చాడు. సర్కారు బస్సు డ్రైవరు. పెద్ద బజారు రద్దీలో బస్సు తోలినా ఒక్క సైకిలుకైనా గీటు పడనివ్వడని పేరున్నవాడు. అతని భార్య మాణిక్యమ్మ దవాఖానలో నర్సు. మోకాళ్లు అరిగి రిక్షా ఎక్కినా దిగినా ఏడుపొచ్చేది ఆమెకు. ఆమె కోసమే ఈ కారు.

సీమోను వచ్చిన పొద్దున కారు గుమ్మంలో నడుస్తూనే ఉంది. బానెటు ఎత్తి విన్నాడు, ఇంజను మంచిగానే కొడుతోంది. ఒకసారి ఆపి చూద్దామని చెయ్యి పెట్టబోతే దుకాణమంతా ఒక్కసారి "హాఁ హాఁ, బోణీ కాలే, ఆపొద్దు!" అని అరిచింది.

"నా మాట చాలదా సీమోనూ? పన్నెండేండ్ల సంది ఆగలే" అన్నాడు సేటు.

వైకుంఠం మాట ఉన్నాక ఇంకేం చూడాలి? సీమోను నడుస్తున్న కారు నడుస్తున్నట్టే తీసుకుపోయాడు.

నెల తిరగకముందే వెనక్కి వచ్చాడు, కారు లేకుండా. మధ్యాహ్నం వేళ, దుకాణం నిండా జనం.

"సేటు, పైసలు వాపస్ అడగనీకి రాలే. ఒక్క మాట చెప్పుండ్రి. ఈ బండి ఎట్ల స్టార్ట్ చేస్తుంటిరి? కిటుకేదన్న ఉందా?"

"కిటుకేంది? బండి ఉన్నది, నడుస్తది."

"నడుస్తలేదు సేటు. మిస్త్రీ విప్పి చూసిండు. స్టార్ట్ చేసే సెల్ఫ్ ఎన్నడో అరిగిపోయిందన్నడు, ఏండ్ల కిందట్నే. దీని సామాను ఇప్పుడు దొరకదంట."

ఏండ్ల కిందట్నే. ఆ మాట వైకుంఠం నెత్తిన పిడుగల్లే పడింది. అంటే పన్నెండేళ్లు తాను చెప్పింది అబద్ధమనా? నిండు బజారులో, తన గద్దె ముందు నిలబడి? ముఖం జేవురించింది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషికి కోపం కూడా వస్తే ఇక పట్టేదెవరు?

"నా ఇంట్ల పన్నెండేండ్లు నడిచిన బండి నీ ఇంట్ల నెల నడవకపాయెనంటే తప్పు ఎవనిది? బండి మంచిదే, నీ చెయ్యి మంచిది గాదు. గీ చేతికి సర్కారు బస్సెట్ల ఇచ్చిండ్రో!"

జనం నవ్వారు. బస్సు తోలి బతికేవాణ్ని చెయ్యి మంచిది కాదనడమంటే ఏమిటో ఆ నవ్వినవాళ్లకు తెలియక కాదు. సీమోను ముఖం పాలిపోయింది. మూలన అంజన్న తల వంచుకుని బస్తాలు సర్దుతున్నాడు.

"రేపు పొద్దుగాల నీ కండ్ల ముంగట సూపిస్త. బండి తెచ్చి నా గుమ్మంల పెట్టు" అన్నాడు సేటు. తర్వాత అంజన్న వైపు తిరిగి, "పొద్దుగాలకు బండి తయారుండాలె" అని ఎప్పటిలాగే హుకుం ఇచ్చాడు.

సాయంత్రం సీమోను కారు తెచ్చి పెట్టి పోయాడు. పొద్దున సేటు మెట్లు దిగేసరికి కారు గురుగురుమంటోంది. వైకుంఠం పొంగిపోయాడు. చుట్టుపక్కల దుకాణదారులందరినీ పిలిచి చూపించాడు. సీమోను నోరెళ్లబెట్టాడు. పాపం, ఒక క్షణం తన చెయ్యి వైపే చూసుకున్నాడు.

బోణీ అయ్యాక వైకుంఠమే కారులో సీమోను పక్కన కూర్చుని కిషన్‌బాగ్ దాకా వెళ్లాడు, గెలిచినవాడు ఊరేగినట్టు. దారిపొడుగునా హితబోధ. ఇంటి ముందు సీమోను కారు ఆపి, ఇంజను కూడా ఆపి, తాళం తీసి సేటు అరచేతిలో పెట్టాడు.

"ఇప్పుడు మీరు స్టార్ట్ చేయుండ్రి సేటు."

వైకుంఠం తోలేచోట కూర్చున్నాడు. అలవాటు చొప్పున "ఊఁ, కానీ" అన్నాడు. ఏమీ కాలేదు. కొంచెం గట్టిగా అన్నాడు. ఏమీ కాలేదు. అప్పుడు చేతిలో తాళం వైపు చూసుకున్నాడు. దాన్ని పెట్టి ఎటు తిప్పాలో ఆయనకు తెలియలేదు. పన్నెండేళ్లు ఏలుకున్న కారు! సీమోను వేలితో చూపించాడు. సేటు తిప్పాడు. లోపల ఏదో ఒకసారి కటక్కుమని ఊరుకుంది. మళ్లీ తిప్పాడు. ఈసారి అదీ లేదు.

ఇంతలో ఇంట్లోంచి మాణిక్యమ్మ తెల్లచీరలో డ్యూటీకి బయల్దేరి వచ్చింది. "నమస్తే సేటు" అని సంచీ వెనక సీటులో పెట్టి, కొంగు బిగించి కారు వెనక్కి నడిచింది.

"ఎటు పోతున్నదామె?" అన్నాడు వైకుంఠం.

"నూకనీకి. తోలేటోడు లోపల ఉండాలె గద, రోజు ఆమెనే నూకుతది" అన్నాడు సీమోను.

అద్దంలో కనిపించింది. ఆమె వంగి డిక్కీకి రెండు చేతులూ ఆనించింది. మోకాలు మోపినప్పుడల్లా పళ్లు బిగబడుతున్నాయి. తాను కూర్చున్న కారు అంగుళం అంగుళం కదులుతోంది.  ఒక ఇంటికి పెద్దదిక్కయిన ఆడమనిషి నొప్పి కాళ్లతో తనను నెడుతుంటే తాను పట్టు పంచెతో లోపల కూర్చున్నాడు!

"ఆగమ్మా! ఆగు, ఆగు!" అని అరుస్తూ తలుపు తెరుచుకుని దిగబోయి పంచె కాలికి చుట్టుకుని పడబోయాడు. సీమోను పట్టుకున్నాడు, మంచిది కాదని పేరు పెట్టించుకున్న ఆ చేత్తోనే.

సేటు రిక్షాలో దుకాణానికి తిరిగొచ్చాడు. వచ్చీ రాగానే అంజన్నను పిలిచాడు.

"ఎప్పటిసంది నూకుతున్నర్రా బండిని?"

అంజన్న నేల చూపులు చూశాడు. "మీరు కొన్నంక మొదటి వానలప్పటిసంది సేటు. రోజు నూకుతం. ఈడ మన హమాలీలు ఉండ్రి, బేగంబజార్ల ఆడి హమాలీలు ఉండ్రి. మీరు వచ్చేటాల్లకు నడిపించి పెడ్తుంటిమి."

"పన్నెండేండ్లు! నాకెందుకు చెప్పలే?"

"పొద్దుగాల గదా సేటు నూకేది. బోణీ గాకముందు బండి చెడిపోయిందని ఎట్ల చెప్పాలె? బోణీ అయ్యేటాల్లకు బండి నడుస్తనే ఉండె. ఇంగ చెప్పేదేముండె?"

"మరి సీమోనుకు?"

"మీరు మాట ఇచ్చినంక నేను గాదంటే మీ మాట పోదా?"

వైకుంఠం అంజన్న మొలతాడు వైపు చూశాడు. వకీలుకు ఆ కారు శని, సీమోనుకు శని. తనకొక్కడికే లక్ష్మి ఎందుకైందో ఇప్పుడు తెలిసింది. తన దుకాణంలో అబద్ధం లేదనుకున్నాడు. నిజం చెప్పే నోళ్లన్నిటికీ తానే పొద్దున్నే తాళం వేస్తున్నాడని ఎరగడు. ఆ రోజు అన్నం నిజంగానే సహించలేదు.

మర్నాడు పొద్దున, గద్దె ఎక్కకముందే, బోణీ కాకముందే, వైకుంఠం సీమోనును పిలిపించాడు. మొన్న నవ్వినవాళ్లనూ, చుట్టుపక్కల దుకాణదారులనూ పిలిపించాడు. నడివీధిలో నిలబడి గొంతెత్తి చెప్పాడు.

"గా బండి చెడ్డది. పన్నెండేండ్ల సంది చెడ్డదే. నేను చెప్పింది అబద్ధం. సీమోను చెయ్యి బంగారం. నా నోరే మంచిది గాదు."

బజారు ముక్కున వేలేసుకుంది. బోణీ కాకముందు ఈ మాటలు వైకుంఠం నోట! సీమోను దగ్గరకొచ్చి సేటు చెయ్యి పట్టుకుని వదిలాడు. మాణిక్యమ్మను రోజూ దవాఖానలో దింపడానికి సేటు తన ఖర్చుతో, కింద మెట్టు వేయించిన రిక్షా కట్టించాడు, కారుకు సామాను ఎక్కడైనా వెతికించి తెప్పించేదాకా.

జనం సర్దుకున్నాక వైకుంఠం గద్దె మీద కూర్చున్నాడు. మనసు తేలికైంది. నిజం చెప్పి మళ్లీ పెద్దమనిషినయ్యానన్న తృప్తి ముఖంలో కనిపిస్తూనే ఉంది. మనిషి బుద్ధి అంత తొందరగా పోతుందా? అంజన్నను దగ్గరకు పిలిచాడు.

"ఇయ్యాల్టిసంది నా దుకాన్ల ఎప్పుడైనా ఏదైనా చెప్పొచ్చు. బోణీ గీణీ ఫికర్ లేదు. నీ కడుపుల ఇంకేమన్న దాసుకున్నవా? చెప్పు."

"ఇప్పుడేముంది సేటు, వదిలేయుండ్రి."

"చెప్పరాదుర!"

అంజన్న తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"మా బుచ్చమ్మ పోయింది యాదికుందా సేటు?"

యాదికుంది. అంజన్న పెళ్లాం, ముసురు రోజుల్లో పోయింది. గౌలిపురకు కొత్తబట్ట పంపించాడు, అంజన్న వద్దన్నా సెలవిచ్చాడు. ఆ సంగతి వైకుంఠం తృప్తిగానే గుర్తుంచుకున్నాడు.

"రాత్రంత కక్కుళ్లు సేటు. తెల్లారేటాల్లకు కండ్లు తేలేసింది. ఆ ముసుర్ల రిక్షా దొరకలే. దవాఖానకు కారు అడుగుదామని ఉరికొచ్చిన. గని బోణీ కాలేదాయె. దవాఖాన అని ఎట్లనాలె? బోణీ కాంగనే అడుగుదామని ఈ మెట్టు మీదనే నిలబడ్డ. వానకు ఆ పొద్దు గిరాకి రాకపాయె. పొద్దు నడినెత్తికొచ్చినంక వచ్చిండు."

వైకుంఠం గుమ్మం వైపు తిరిగాడు. "కారు... కారు ఆ పొద్దు..."

"నేనే నూకి నిలబెట్టిన గద సేటు, మీ గుమ్మం ముంగట. నేను నిలబడ్డంత సేపు నడుస్తనే ఉండె. ఒక్కసారన్న ఆగకపాయె."

చెప్పి అంజన్న తలగుడ్డ చుట్టుకుని బస్తాల దగ్గరకు పోయాడు. మొదటి గిరాకీ వచ్చి బెల్లం అడిగాడు, మళ్లీ అడిగాడు. వైకుంఠం సేటు తల ఎత్తలేదు.