జేబులో బెల్లం ముక్క

లక్ష్మీనర్సయ్యకు చక్కెర జబ్బు అని తెలిసింది పంతొమ్మిది వందల అరవై ఏడులో. యూనివర్సిటీలో గుమాస్తా, ఇల్లు తార్నాకలో. డాక్టరు చెప్పినదంతా తల ఊపి విన్నాడు. పొద్దున సూది వేసుకోవాలి, తినాలి, తిన్నాక నడవాలి. జేబులో బెల్లం ముక్క ఉంచుకోవాలి.

ఆయన ఎవరి మాటా కాదనే మనిషి కాడు. రోజూ ఆర్ట్స్ కాలేజీ దాకా నడిచాడు. పక్కింటి సుందరరావు తోడు వచ్చేవాడు. ఏలూరు నుంచి వచ్చిన రైల్వే ఉద్యోగి. ఆయనకు ఏ జబ్బూ లేదు, మాట్లాడటానికి మనిషి కావాలి.

భార్య లింగమ్మకు అర్థమైంది ఒక్కటే: తీపి విషం. ఆయన జేబులో బెల్లం కనబడితే తీసి డబ్బాలో వేసేది. జబ్బు తగ్గాలని ఆయన చేత యాదగిరి నర్సన్నకు శనివారం ఒక్కపొద్దు కూడా మొక్కించింది. పొద్దుగూకే దాకా తిండి లేదు.

మొదటి శనివారం ఆయన డాక్టరు చెప్పినట్టు సూది వేసుకున్నాడు. దేవునికి మొక్కినట్టు తినలేదు. మళ్ళీ డాక్టరు చెప్పినట్టు నడకకు బయలుదేరాడు.

కాలేజీ మెట్ల దగ్గర చేతులు వణికాయి. చొక్కా చెమటతో తడిసింది, మాట తడబడింది. పొద్దున్నే తాగాడని విద్యార్థులు నవ్వుకున్నారు. సుందరరావు ఆయనను కూర్చోబెట్టి జేబు వెతికాడు. ఖాళీ. చాయ్ బండికి పోయి చక్కెర ఎక్కువ వేయించి చాయ్ తెచ్చాడు.

"ఒక్కపొద్దు, రావు సాబ్."

"మీ నర్సన్నకు నేను జవాబు చెప్పుకుంటాను. తాగండి."

తాగాడు. వణుకు తగ్గాక బన్ను తినిపించి, రిక్షాలో ఇంటికి తెచ్చాడు.

ఇక నడక బంద్ అన్నది లింగమ్మ. లక్ష్మీనర్సయ్య మొదటిసారి కాదన్నాడు. నడిచినప్పటి నుంచే కాళ్ళ తిమ్మిరి తగ్గిందని, నడక మానేస్తే సూది కూడా మానేస్తానని అన్నాడు. ఆమె డాక్టరు దగ్గరికి తానే పోయింది. తప్పు నడకది కాదని, సూది వేసుకుని తినకపోవడమే తప్పని డాక్టరు చెప్పాడు. వణుకు పుట్టినప్పుడు బెల్లమే మందన్నాడు. మరి మొక్కు సంగతేమిటని ఆమె అడిగింది. అది తనకు తెలియదన్నాడు.

ఆమె ఇంటికి వచ్చేదాకా ఆలోచించింది.

"ఒక్కపొద్దు నేనుంట. నువ్వు తిని నడువు."

అప్పటి నుంచి బెల్లం ఆమే కాగితంలో చుట్టి జేబులో పెట్టేది. ఆయన తిరిగి వచ్చాక జేబు చూసేది. ఒకనాడు ముక్క లేదు.

"వణికిందా?"

"లేదు. రావు సాబ్ తిన్నడు."

మర్నాటి నుంచి రెండు ముక్కలు పెట్టింది.