నూరు వేలిముద్రలకు సరుగుళ్లపాలెం ప్రయాణం

నేను చేసినంత తెలివితక్కువ బేరం నెల్లూరు పెద్దబజారులో ఇంతవరకు మరొకరు చేయలేదని ధైర్యంగా చెప్పగలను. మూడు తరాలుగా కందిపప్పూ చింతపండూ అమ్ముకునే ఇంట్లో పుట్టి, నలుగురి ముందు లేచి నిలబడి, "ఖర్చులు నావే" అన్నాను. ఎవరూ అడగలేదు. ఎవరూ బలవంతపెట్టలేదు. మా నాయన బతికి ఉంటే వెంటనే వైద్యుణ్ణి పిలిపించేవాడు.

సంగతి ఇదీ. ఆఫ్రికాలో కొత్తగా స్వతంత్రం వచ్చిన ఒక దేశపు ప్రధానమంత్రిని చంపేశారు. ఈ అరవై ఒకటో సంవత్సరం శివరాత్రి రోజుల్లో పత్రికల నిండా అదే వార్త. ఖైదులోంచి పారిపోయాడనీ, దారిలో ఏదో ఊరివాళ్లు పట్టుకొని చంపారనీ అక్కడి అధికారులు ప్రకటించారు. ఆ ఊరి పేరు మాత్రం చెప్పబోమన్నారు. అంతకు ముందే ఆయన ఫోటో ఒకటి చూశాను. చేతులు వెనక్కి విరిచి కట్టి, లారీలో కూర్చోబెట్టారు. నా వయసువాడే. అంగట్లో ఆ పత్రికతో పొట్లాలు కట్టడానికి చేతులు రాక, ఆ కాగితం పక్కన పెట్టాను.

మా వీధి వకీలుగారు ఒక అర్జీ రాశారు. బయటి దేశాలవాళ్లు కలిసి ఈ హత్యను విచారించాలనీ, దేశాల మహాసభలో మన ప్రభుత్వం అందుకు గట్టిగా మద్దతివ్వాలనీ ఢిల్లీకి విన్నపం. ఒక్కో ప్రాంతం నుంచి నూరు సంతకాలో వేలిముద్రలో కావాలన్నారు. సముద్రపు ఒడ్డు పల్లెలకు ఎవరు పోతారని అడిగితే, ఎదురంగడి బట్టల వర్తకుడు నా వైపు చూసి నవ్వాడు. "శెట్టి పోడులెండి, బస్సు చార్జీ అవుతుంది" అన్నాడు. నేను లేచి నిలబడింది అప్పుడే.

పొద్దున ఆరున్నర మైపాడు బస్సెక్కాను. టిక్కెట్టు డెబ్బై నయాపైసలు. ఈ దారిన వెళ్లదలచినవారు ఎడమవైపు కూర్చోండి, పోయేటప్పుడు ఎండ తగలదు. కుడివైపు కూర్చున్నవాళ్లు ఇందుకూరుపేట చేరేలోపే తలగుడ్డలు ముఖం మీదికి లాక్కున్నారు. ఊరు దాటగానే రెండు పక్కలా మొలగొలుకుల వరి కోతలు. కొన్ని మళ్లలో కుప్పలు వేస్తున్నారు. బస్సు ఆగిన చోటల్లా కొత్తగడ్డి వాసన లోపలికి వచ్చింది.

నా పక్కన ఒక రైతు కూర్చున్నాడు. నా ఒడిలోని కాగితాలూ సిరా దిండూ చూసి ఊరుకోలేకపోయాడు.

"ఏందన్నా అయ్యి? శిస్తు తగ్గించమనా?"

"కాదన్నా, ఆఫ్రికాలో ఒక ప్రధానిని చంపినారే, దాన్ని విచారించమని."

"ఓ, అదా! మా ఊర్లో నిన్ననే పెట్టినాం సంతకాలు. మన పోలీసులు పోతారా ఆడికి?"

"మనవాళ్లు సభలో చెయ్యెత్తితే చాలు."

"చెయ్యెత్తేదానికి ఇంతమంది వేళ్లు కావాల్నా? మా వాడోళ్లకైతే ఒక కాపీ తాగిస్తే రెండు చేతులూ ఎత్తుతారు" అని ఇందుకూరుపేటలో దిగిపోయాడు.

ఎనిమిదింటికి మైపాడు. బస్సు ఆగే చోట ఉన్న పాకహోటల్లో నాలుగు ఇడ్లీ, ఒక కాఫీ. ఇడ్లీ బాగుంది, చట్నీలో ఉప్పు ధారాళం. ధర తగ్గించమని అడిగాను, అలవాటు మానలేక. "సముద్రం పక్కనే గదా శెట్టీ, ఉప్పు ఊరికే ఇస్తుండాం" అన్నాడు హోటలాయన. అక్కడి నుంచి ఉత్తరంగా ఒడ్డు వెంట రెండు మైళ్లకు పైన నడక. బండి దొరకదు. తడి ఇసుక మీద నడవండి, పొడి ఇసుకలో అడుగుకు అడుగు వెనక్కి పోతుంది. నాకు ఎవరూ చెప్పలేదు కాబట్టి చెప్పు తెగింది. సరుగుడు తోట దాటగానే తాటాకు ఇళ్లు కనిపించాయి. అదే సరుగుళ్లపాలెం.

బజారులో పెరిగినవాడికి ఒక పద్ధతి అలవాటవుతుంది. గుంపుతో బేరం పెట్టుకోకూడదు, ఒక్కొక్కరినీ విడదీసి పట్టుకోవాలి. ముందు మెత్తగా ఉన్నవాణ్ణి ఒప్పిస్తే వాణ్ణి చూసి తక్కినవాళ్లు వస్తారు. అలాగే చేశాను. వలలు బాగుచేసుకుంటున్న ముగ్గురు పడుచువాళ్ల దగ్గర కూర్చొని, కట్టిన చేతుల సంగతీ పేరు చెప్పని ఊరి సంగతీ చెప్పాను. ఒకడి కళ్లు ఎర్రబడ్డాయి. సిరా దిండు మీద వేలు ఆనించాడు. నూటిలో మొదటిది వచ్చిందనుకున్నాను.

"రేయ్! తియ్‌రా వేలు!" అని వెనకనుంచి కేక. చేపలు ఎండబెడుతున్న ఒక ముసలామె పరుగున వచ్చింది. "ఊరు కూకోకుండా నువ్వొక్కడివే వేలు పెడతావంట్రా? నిన్ను సముద్రంలోకి దిగనిస్తారా?"

వాడు లేచిపోయి నీళ్లలో వేలు కడుక్కున్నాడు.

ఆ ముసలామె చెబితే అప్పుడు తెలిసింది నాకు. ఆ పాలెంలో బయటివాళ్లకు ఎవరూ విడిగా మాట ఇవ్వరు. అందరూ కూర్చొని ఒప్పుకుంటే ఊరిపెద్ద ఒక్కడే వేలు పెడతాడు. అది ఊరందరి వేలు. కట్టు తప్పి విడిగా పెట్టినవాణ్ణి తెప్ప ఎక్కనివ్వరు. అంటే, నూరు కోసం వచ్చిన నాకు దొరికితే ఒకటి దొరుకుతుంది, లేకపోతే అదీ లేదు. నా బేరం పద్ధతికి ఆ ఊళ్లో చెల్లే చోటే లేదు.

పదకొండింటికి తెప్పలు ఒడ్డెక్కాయి. ఊరిపెద్ద వెంకటసామి వచ్చి నా మాట విన్నాడు. సన్నగా, పొడుగ్గా, తొందర లేని మనిషి. "చేపలు తూకం కానీ శెట్టీ, మధ్యాన్నం పైన కూకుందాం" అని నాకు ముంతెడు అంబలీ ఉల్లిపాయా పంపించాడు. ఊరి మధ్య పాకలో రెండు గంటలకు అందరూ చేరారు. మగవాళ్లు ముందు, ఆడవాళ్లు వెనక గుంజల దగ్గర.

అర్జీ చదివి వినిపించాను. ఒక ఊరివాళ్లే చంపారన్నారు గాని ఆ ఊరి పేరు చెప్పలేదన్న చోటికి రాగానే పాక అంతా గోల.

"పేరు చెప్పకుండా ఊరి మీద చంపుడు పెడతారా?" అన్నాడు వెంకటసామి. "ఏ ఊరో చెప్పమను. ఆ ఊరోళ్లు నలుగురిలోకి వచ్చి జవాబు చెప్పుకుంటారు. అయితే శెట్టీ, విచారణకు కూకునేది ఎవురు?"

"బయటి దేశాలవాళ్లు."

"ఆ దేశంలో వాళ్లకు పాలూ వాటా లేకుండా ఉండాల. మాకు మనిషి పోతే పక్క పాలెం పెద్దలు వచ్చి విచారిస్తారు. వాళ్లకు మా వలల్లో పాలు ఉండకూడదు. ఉంటే లేచిపోవాల్సిందే."

అక్కడ గనులున్నాయనీ, ఆ గనుల్లో ఎన్నో పరాయి దేశాలకు వాటాలున్నాయనీ నేను పత్రికలో చదివిందే చెప్పాను. "అయితే అది రాయి కింద" అన్నాడు. రాశాను. గనుల్లో పాలున్న దేశాలవాళ్లు విచారణకు కూర్చోరాదని నా దస్తూరీతోనే. వెంకటసామి బొటనవేలు చాచాడు.

"మామా, ఆ వేలు అట్నే పట్టుకో."

గుంజ దగ్గర నుంచి ఒకామె ముందుకు వచ్చింది. పేరు పోలమ్మ అని నా పక్కనాయన గొణిగాడు. కిందటి వానాకాలంలో ఆమె భర్త ఎల్లయ్య మరి ఇద్దరితో తెప్ప మీద వెళ్లాడు. ఆ ఇద్దరే తిరిగి వచ్చారు. ఎల్లయ్య తాగి ఉండి జారిపడ్డాడని చెప్పారు. తాగి పోయినవాడి ఇంటికి వలలో పాలు రాదు. ఆ ఇద్దరిలో ఒకడు వెంకటసామి అల్లుడు. పక్క పాలెం పెద్దలను పిలవడం ఇప్పటిదాకా జరగలేదు.

"సముద్రాలు దాటి ఉండే ఆయనకు విచారణ కావాలని వేలు పెడతావు" అంది పోలమ్మ. "నా మొగుడి మీద తాగుబోతని మాట వేసి ఊరుకున్నారే, ఆయనకు ఎవురు పెడతారు మామా వేలు? నీ అల్లుడు ఉండాడనా?"

"మేయ్, పరాయి మనిషి ముందరా?" అన్నాడు ఎవరో.

"పరాయి మనిషి ఉండాడనే అడుగుతుండా. మీరే ఉంటే నన్ను కూకోమంటారు."

వెంకటసామి బొటనవేలు సిరా దిండు పైన బెత్తెడు ఎత్తులో ఆగిపోయింది. నేను వ్యాపారిని. బేరం చెడిపోయే ఘడియ వాసన పట్టగలను. నాలుగు తీపి మాటలు చెప్పి, ఇంటి సంగతి తర్వాత చూసుకోండి, ముందు నా కాగితం కానివ్వండి అనడానికి నోరు తెరిచాను. వెంకటసామి నా వైపు చూశాడు. నోరు మూసుకున్నాను. ఆ రోజు నేను చేసిన మంచి పని అదొక్కటే.

తర్వాత ఆయన తన అల్లుడి వైపు తిరిగాడు. అల్లుడు తల వంచుకొని ఇసుకలో గీతలు గీస్తున్నాడు. మామ కూడా ఆ గీతలనే చూశాడు.

"వచ్చే అమాస నాడు వలలు దించేది లేదు" అన్నాడు చివరికి. "ఆ పొద్దు పక్క పాలెం పెద్దల్ని పిలిపిస్తా. నేను వాళ్ల మధ్య కూకోను, ఎడంగా కూకుంటా. సరేనామ్మా?"

"అందరి ముందరా చెప్పినావు. సరే" అంది పోలమ్మ.

అప్పుడు వేలు దిగింది. కాగితం మీద నల్లగా, పూర్తిగా, అంచులు చెదరకుండా పడింది. నేను కాగితాలు సర్దుకొని లేవబోతుంటే పోలమ్మ మళ్లీ అడ్డం వచ్చింది.

"శెట్టీ, అమాస పొద్దు నువ్వూ రావాల. నీకు మా వలల్లో పాలు లేదు. చెప్పిన మాటలు చెప్పినట్టు విన్న బయటి మనిషి ఒకడు ఉండాల."

"నాకు అంగడుందమ్మా. పోనీ, మా గుమాస్తాను పంపిస్తా."

"ఆఫ్రికా ఆయన కోసరం నువ్వే వస్తివి. ఎల్లయ్య కోసరం గుమాస్తానా?"

"మధ్యాన్నం బస్సుకు వస్తా. సగంలో లేచి సాయంత్రం బస్సుకు పోతా."

"పొద్దునే బస్సుకు రా. అయిపొయ్యేదాకా ఉండు."

జీవితంలో ఎదుటివాళ్లు చెప్పిన ధర మీద ఒక్క దమ్మిడీ తగ్గించకుండా నేను ఒప్పుకున్న బేరం అదొక్కటే. పాకంతా నవ్వింది. నేనూ నవ్వాను, కొంచెం ఆలస్యంగా.

ఐదున్నరకు మైపాడులో ఆఖరి బస్సు. ఈసారి తడి ఇసుక మీద నడిచి పావుగంట ముందే చేరాను. బస్సు పైన చేపల గంపలు, లోపల నేను, కండక్టరు, నిద్రపోతున్న ఒక ముసలాయన. దీపాలు పెట్టే వేళకు వకీలుగారి అరుగు ఎక్కి కాగితం ఇచ్చాను.

"నూరు తెస్తానంటివే శెట్టీ! ఒక్కటేనా? కింద ఇదేం రాశావు?"

"ఊరంతా కూర్చొని వేసిన వేలండీ. వాళ్లు ఒక్కరూ దీని మాట దాటరు. మనం బజారులో తెచ్చిన నూరింటిలో అర్జీ చదివి పెట్టినవాళ్లు ఎందరో మీరే చెప్పండి. కింద రాసింది కొట్టేస్తే వేలు కూడా వెనక్కి తీసుకుపోవాలి."

ఆయన కళ్లద్దాలు తుడుచుకొని ఆ రెండు పంక్తులూ మరోసారి చదివారు. కొట్టెయ్యలేదు. ఢిల్లీ వాళ్లు చేయి ఎత్తుతారో లేదో నాకు తెలియదు. ఎత్తుతారనే నా నమ్మకం. మన మాటకు ఆ సభలో బరువుంది. పాలెంలో మాత్రం అడగవలసిన మాట అడిగారు, ఇవ్వవలసిన మాట ఇచ్చారు. అది నా కళ్లతో చూసి వచ్చాను.

ఇక లెక్క. బస్సు రానుపోను రూపాయి నలభై. ఇడ్లీ, కాఫీ ముప్పై. చెప్పు కుట్టించిన కూలి పదిహేను. సిరా దిండు ఇంటిదే, దానికి వేయను. అంబలికి డబ్బు తీసుకోలేదు కాబట్టి రాయను. మొత్తం రూపాయి ఎనభై అయిదు నయాపైసలు. నూరు వేలిముద్రలు ఒప్పుకొని ఒకటి తెచ్చాను, లోటు తొంభై తొమ్మిది. అమావాస్య నాడు మళ్లీ బస్సు రూపాయి నలభై, ఒక పూట అంగడి మూత. అది ఇంకా ఖర్చు కాలేదు గాని, అయినట్టే రాశాను.