పెద్దమ్మ మీద నేను చెప్పిన మాట

నా చిన్నప్పుడు, నాలుగో తరగతిలో ఉండగా, నన్ను పెంచుతున్న మనిషి మీద ఒక అబద్ధం చెప్పాను. అమ్మానాన్నలు పోయాక సంక్షేమ ఆఫీసు వాళ్లు నన్ను ప్రత్తిపాడు దగ్గర ఒక రైతు దంపతుల ఇంట్లో పెంపకానికి ఉంచారు. చుట్టరికం లేకపోయినా వాళ్లను పెద్దమ్మ, పెద్దనాన్న అనేదాన్ని.

పెద్దమ్మ వద్దన్నా వినకుండా, ఒక ఆదివారం కల్లంలో కూలివాళ్ల పక్కన కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీశాను. సాయంత్రానికి వేళ్లు మంటెక్కి వాచాయి. పెద్దమ్మ వెన్న రాస్తూనే కసురుకుంది. మళ్లీ వెళితే ఆఫీసు వాళ్లకు అప్పజెప్పేస్తానంది. ఆ మాటకు నాకు భయమూ కోపమూ కలిగాయి. మర్నాడు బడిలో టీచరుగారు చేతులు చూసి అడిగితే, పెద్దమ్మే కారం పూసిందని చెప్పాను. టీచరుగారు ఎస్టీడీ బూత్ నుంచి గుంటూరు ఆఫీసుకు ఫోన్ చేశారు.

రెండు రోజులకు ఆఫీసు నుంచి ఒక మేడం వచ్చారు. "కన్నబిడ్డలా చూసుకుంటుంటే ఇదేం నిందండీ" అని పెద్దనాన్న గొంతు పెంచాడు. పెద్దమ్మ ఆయన్ని ఆపింది.

"కసిరానండి. ఆఫీసుకి అప్పజెప్తానని కూడా అన్నాను, అనకూడని మాటే. కారం మాత్రం పూయలేదు. కల్లంలో వాళ్లని అడగండి. పిల్లని మా ముందు అడక్కండి, భయపడుద్ది."

విచారణ అయ్యేదాకా నన్ను గుంటూరు హాస్టల్లో ఉంచారు. నా బట్టలు సర్దేటప్పుడు కూడా పెద్దమ్మ నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు. వారం తర్వాత బస్సులో వచ్చి, మేడం ఎదురుగానే కూర్చుని, "అన్నం తింటున్నావా?" అంది, అంతే. పెద్దమ్మ వెళ్లిపోయాక నేను మేడంకు నిజం చెప్పేశాను. కల్లంలో వాళ్లు అప్పటికే అదే మాట చెప్పారట.

ఇంటికి తిరిగొచ్చాక పెద్దనాన్న చాలా రోజులు నాతో మాట్లాడలేదు. ఊళ్లో కొందరు ఆ నిందను ఎన్నటికీ మర్చిపోలేదు. పెద్దమ్మ మాత్రం నాకు తల దువ్వుతూ, నీరసంగా, "నిన్ను పంపించేస్తానని ఇంకెప్పుడూ అనను. నువ్వూ అట్టా చెప్పమాకమ్మా" అంది.

ఇప్పటికీ నామీద ఎవరైనా లేనిపోని మాట అంటే, ముందు అందులో నిజం ఎంతుందో వెతుక్కుని ఒప్పుకుంటాను. ఒంట్లో ఓపిక లేని రోజు అదెంత కష్టమో నాకు తెలుసు. పెద్దమ్మ ఆ రోజు పొద్దుటినుంచీ పత్తి తీసి వచ్చి, కాళ్లయినా కడుక్కోకుండా ఆ మేడం ముందు నిలబడి ఆ పని చేసింది.